గుంట లెక్కలో లేదు

గుండ్రంగా, మన అక్షరాల దాయాదుల్లా ఉంటాయి గాని
ఒక్కటీ నన్ను పలకరించదు.
గోడకి కట్టిన అట్టముక్కను హైమ చదివి పెడుతుంది:
"ఘొరొ భొడా. ఇల్లు అద్దెకమ్మా."
నాలుగో తరగతి, ఒడియా మీడియం.
ఈ ఊళ్ళో నా కళ్ళ వయసు తొమ్మిదేళ్ళు.

ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి రైల్లో అరగంట.
అరగంటలో మాట మారదు, బోర్డు మారిపోతుంది.
నా దగ్గరున్నది నెలకి మూడువేల ఐదొందలు,
అడ్వాన్సుకి చెవిదిద్దులు.

పెద్దాసుపత్రి ఎదుట రక్తపరీక్షల కేంద్రంలో పని.
పొద్దుటి పూటే డెబ్బై చేతులు.
ముసలి చేతుల్లో, ఏడుపు బిగబట్టిన పిల్లల చేతుల్లో
వేలితో తడిమి నరం పట్టేస్తాను.
రెండోసారి గుచ్చను.
ఇంత ఊరిని నెల్లాళ్ళుగా తడుముతున్నా
ఒక్క గది చిక్కలేదు.

బ్రోకరు టుకునా బెహెరా. ఒక నెలద్దె వాడికి.
స్కూటీ మీద ముందు నిలబడి హైమ, వెనక నేను.
గాంధీనగర్లో మేడ మీద గది, రెండు వైపులా కిటికీ.
పాణిగ్రాహి గారు నెమ్మదైన మనిషి, కుర్చీ కూడా వేశారు.
నీచు వండుతారా?
రాత్రి డ్యూటీలుంటాయా?
చుట్టాలొస్తే ఎన్నాళ్ళుంటారు?
పాప వాళ్ళ నాన్న?
మూడింటికి జవాబు చెప్పాను.
నాలుగోదానికి హైమ నా చున్నీ కొసని
వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.
కుర్చీ లోపలికి వెళ్ళిపోయింది.

అంకులిలో రేకుల కప్పు,
చూడ్డానికి నిలబడ్డంతసేపట్లోనే ఉడికిపోయాం.
బిజిపురంలో మెట్ల కింద గది:
మంచం వేస్తే తలుపు తెరుచుకోదు.
"ఇద్దరేగా, ఎంత చోటు పడతారు?" అన్నాడు టుకునా.
వాడికేం తెలుసు,
నిద్రలో హైమ గడియారం ముల్లులా తిరుగుతుంది,
పన్నెండు మీంచి ఆరు దాకా.

ఖొడాసింగిలో కొళాయి తెల్లారగట్ల నాలుక్కి, అదీ వస్తే.
అస్కా రోడ్డులో అన్నీ బావున్నాయి, అద్దె తప్ప.

పెద్దబజారు వెనక సందులోకి
మొన్న ఆదివారం, టుకునా రాని పూట,
దారి తప్పి వెళ్ళాం.
అక్కడ అట్టముక్క లేదు.
అరుగు మీద ఒక ముసలామె ఎవర్నో తిడుతోంది,
సగం తెలుగులో, సగం ఒడియాలో,
ఎక్కడా అతుకు కనబడకుండా.
ఆగిపోయాను.
తిట్టు నన్ను కాదు గాని
నెల్లాళ్ళకి ఎవరో నాతో మాట్లాడినట్టయింది.

"గదా? ఉంది గాని ఎవులూ నిలవరమ్మా" అంది చౌడమ్మ.
నేల నడిమిన ఒక చోట సిమెంటు రంగు వేరు.
హైమ మడమతో కొడితే బోలుగా మోగింది.
మగ్గం గుంట.
నలభై ఏళ్ళు ఆవిడ పెనిమిటి కాళ్ళు అందులోనే.
ఆయన పోయాక కంకరా మట్టీ పోసి పూడ్చారట.
ఏటా వానలకి కాస్త దిగుతుంది.
మంచం కాలు ఆనదు. బీరువా ఒరుగుతుంది.

గదిని ఆవిడ అడుగులేసి కొలిచింది.
గుంట దగ్గరికొచ్చి, తొక్కకుండా, పక్కనుంచి తిరిగి నడిచింది.
"మూడువేలియ్యి. గుంట లెక్కలో నేదు."
పాప వాళ్ళ నాన్న ఊసెత్తలేదు.
అడిగిందల్లా "తెగిన పోగు ముడెయ్యడం వొచ్చునా?"
రాదన్నాను. నరం పట్టడం వచ్చన్నాను.
ఏదీ, అని చెయ్యి చాపింది.
ఎండిన చర్మం కింద సన్నగా కదిలి తప్పుకోబోయింది,
పట్టేశాను.
"ఊఁ" అంది, పరీక్ష పెట్టినావిడలా.

దిద్దులు చెవులకే ఉన్నాయి.
రాత్రి చాప ఆ పల్లం మీదే పరుస్తానని హైమ పంతం.
గడియారం ముల్లు ఇవాళ తిరగలేదు.
పల్లంలోకి జారిన కాళ్ళు రెండూ నిద్రలోనే
ఒకదాని తరవాత ఒకటి తన్నాయి.

ఇంతలో గుర్తొచ్చింది:
కొళాయి ఎన్నింటికొస్తుందో అడగనే లేదు.